యానిమల్ ట్రైనింగ్ నేర్చుకోవాలా? ఫీజు కట్టే ముందు ఈ లెక్కలు వేయండి

నెలకి ఒకరిద్దరైనా ఫోన్ చేసి అడుగుతుంటారు. "అన్నా, ఇంటర్ అయిపోయింది, కుక్కలంటే ప్రాణం, యానిమల్ ట్రైనింగ్‌లో డిగ్రీ ఎక్కడ చేయాలి, తక్కువ ఫీజులో చెప్పండి" అని. ఆ డిగ్రీ కోసమే విజయవాడ, గుంటూరు అంతా తిరిగి నేనూ రెండేళ్లు పోగొట్టుకున్నా. చివరికి ఇంకో ఊళ్లో ఎవరో మూడు నెలల "ప్రొఫెషనల్ డిప్లొమా" అంటే నమ్మి అరవై వేలు కట్టా. వాళ్లిచ్చిన సర్టిఫికెట్ మా అమ్మ ఇప్పటికీ బీరువాలో చీరల కింద దాచిపెట్టింది. దాన్ని చూసి పని ఇచ్చినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు.

కాబట్టి మొదటే తేల్చేసుకుందాం. ఈ పని మన దగ్గర ఒకే కాలేజీలో ఒకే కోర్సుగా దొరకదు, ముక్కలుగా కొనుక్కోవాలి. చదువు ఒకచోట, చేతిపని ఇంకోచోట, గుర్తింపు మరోచోట. ఏ ముక్కకి ఎంత పెట్టొచ్చో తెలిస్తే తక్కువలోనే అయిపోతుంది, తెలియకపోతే నాలాగా బీరువాలోకి.

మొదటి అడుగు: ఏ జంతువు, ఏ ఉద్యోగం

"యానిమల్ ట్రైనర్" అనగానే చాలామంది పిల్లల కళ్ల ముందు పులి, డాల్ఫిన్ కనిపిస్తాయి. అది మన దేశంలో దాదాపు మూసేసిన తలుపు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, వీటికి ప్రదర్శనల కోసం శిక్షణ ఇవ్వకూడదని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద 1998లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. డాల్ఫిన్ల పార్కులు పెట్టడానికి అనుమతి ఇవ్వొద్దని 2013లో సెంట్రల్ జూ అథారిటీ రాష్ట్రాలకి చెప్పేసింది. ఎవరైనా బ్రోచర్ మీద పులి బొమ్మ వేసి కోర్సు అమ్ముతుంటే, అందులో పులి ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

మరి మిగిలినవి ఏంటి? ఇళ్లలో పెంచుకునే కుక్కలు. ఇదే పెద్ద మార్కెట్, నాకు తిండి పెట్టేదీ ఇదే. తర్వాత పోలీసు, సైన్యం జాగిలాలు. తర్వాత జూ పనులు. తర్వాత పశువులు.

పోలీసు జాగిలాల గురించి ఒక్క ముక్క, ఎందుకంటే ఇందులోనే ఎక్కువమంది మోసపోతారు. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో బీఎస్ఎఫ్ వాళ్ల జాతీయ జాగిలాల శిక్షణ కేంద్రం ఉంది, 1970 నుంచి నడుస్తోంది. బెంగళూరు దగ్గర తరళులో సీఆర్పీఎఫ్ వాళ్లది ఉంది. మీరట్‌లో సైన్యం జంతువుల విభాగం, రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రం ఉంది. వీటిల్లో మీరూ నేనూ ఫీజు కట్టి సీటు తెచ్చుకోలేం. ముందు యూనిఫాం ఉద్యోగం రావాలి, కానిస్టేబులో జవానో అవ్వాలి, ఆ తర్వాత డిపార్ట్‌మెంటే మిమ్మల్ని హ్యాండ్లర్‌గా ఎంపిక చేసి పంపాలి. అప్పుడు మీరు ఫీజు కట్టడం కాదు, వాళ్లే జీతం ఇస్తూ నేర్పిస్తారు. ఈ దారి కావాలంటే మీరు వెతకాల్సింది కానిస్టేబుల్ నోటిఫికేషన్‌ని, కాలేజీని కాదు. "మా దగ్గర చేరితే డాగ్ స్క్వాడ్‌లో ఉద్యోగం గ్యారంటీ" అని ఎవడైనా అంటే లేచి వచ్చేయండి.

జూ అంటారా, విశాఖలో ఇందిరాగాంధీ జూ, తిరుపతిలో వెంకటేశ్వర జూ, రెండూ అటవీశాఖ చేతుల్లో ఉంటాయి. అక్కడ ఏనుగునో ఎలుగుబంటినో రక్తం శాంపిల్ ఇచ్చేలా, కాలు చూపించేలా అలవాటు చేయడమే అసలైన శిక్షణ. చాలా మంచి పని, ఉద్యోగాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రెండో అడుగు: కాలేజీ ముక్క

ఇక్కడ మన కృష్ణా, గుంటూరు జిల్లాల అదృష్టం కొంత ఉంది. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, 1998లో మొదలైంది, తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. గుంటూరు పక్కన లాం ఫారంలో ఒంగోలు జాతి పశువుల మీద పరిశోధన జరుగుతుంది, అదీ ఆ యూనివర్సిటీదే.

బీవీఎస్సీ, అంటే పశువైద్య డిగ్రీ చేస్తే ట్రైనర్ అవుతారా? కారు. డాక్టర్ అవుతారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, నీట్ ర్యాంకు కావాలి. కుక్కని "సిట్" అనిపించడం ఆ చదువు పని కాదు. కానీ సీటు వచ్చే స్థాయి ఉంటే వదులుకోకండి, పెట్టిన ఏళ్లకి తగ్గ గౌరవం, ఆదాయం రెండూ దాంట్లో ఉన్నాయి, శిక్షణ పక్కన నేర్చుకోవచ్చు. కరిచే కుక్కని తీసుకొచ్చినప్పుడు అది కోపమా నొప్పా అని తేల్చగలిగేది డాక్టరే. నా దగ్గరికి "కరుస్తోంది, ట్రైనింగ్ ఇవ్వండి" అని తెచ్చిన ఒక గోల్డెన్ రిట్రీవర్‌కి చెవి లోపల చీము పట్టి ఉంది. తల మీద చెయ్యి వేస్తే కరవక ఏం చేస్తుంది? నేను రెండు వారాలు బిస్కెట్లు తినిపించి ఫీజు తీసుకున్నా, డాక్టరు పది నిమిషాల్లో తేల్చారు. ఆ ఫీజు వెనక్కి ఇచ్చేశాలెండి.

తక్కువ ఖర్చులో నాకు నచ్చే దారి పశుసంవర్ధక పాలిటెక్నిక్. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా, అదే యూనివర్సిటీ ఇస్తుంది. పశువుని పట్టుకోవడం, కట్టడం, దాని ఒంటి భాష, టీకాలు, ఇవన్నీ చేతికి వస్తాయి. 2019లో గ్రామ సచివాలయాల ఉద్యోగాల్లో పశుసంవర్ధక సహాయకుల పోస్టులకి అడిగిన అర్హతల్లో ఈ డిప్లొమా ఒకటి. అంటే ట్రైనర్‌గా నిలదొక్కుకోకపోయినా చేతిలో ఇంకో దారి ఉంటుంది. చిక్కల్లా ఏంటంటే ఇది పదో తరగతి అవ్వగానే తీసుకోవాల్సిన నిర్ణయం, మనవాళ్లు ఎంపీసీ, బైపీసీ తప్ప ఇంకేదీ వినరు.

ఇంటర్ అయిపోయినవాళ్లకి: సాదా డిగ్రీ చేయండి. జువాలజీ ఉంటే జువాలజీ, సైకాలజీ దొరికితే ఇంకా మేలు. సైకాలజీ ఎందుకని మా బాబాయ్ కూడా నవ్వాడు. కుక్కలకి నేర్పే సూత్రాలన్నీ అక్కడివే. పావ్‌లోవ్ గంట (గంట మోగితే తిండి వస్తుందని కుక్కకి అలవాటవడం), స్కిన్నర్ పెట్టె (మీట నొక్కితే తిండి దొరుకుతుందని జంతువు నేర్చుకునే పెట్టె), ప్రోత్సాహకం ఎప్పుడిస్తే ప్రవర్తన పెరుగుతుంది, ఎప్పుడు ఆపితే తగ్గుతుంది, ఇవన్నీ సిలబస్‌లోనే ఉంటాయి. స్కిన్నర్ దగ్గర చదువుకున్న బ్రెలాండ్ దంపతులే ఈ సూత్రాల్ని ల్యాబ్ నుంచి బయటికి తెచ్చి కోళ్లకీ పందులకీ నేర్పి వ్యాపారంగా చేశారు. హవాయిలో డాల్ఫిన్లకి నేర్పిన కరెన్ ప్రయర్ తర్వాత అదే పద్ధతిని కుక్కల వాళ్లలోకి తీసుకెళ్లారు, మనం వాడే క్లిక్కర్ (నొక్కితే టక్కుమనే చిన్న డబ్బీ) అలా వచ్చిందే.

ఫీజు తక్కువ అంటే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. బెజవాడలో ఎస్ఆర్ఆర్ అండ్ సీవీఆర్ కాలేజీ 1937 నాటిది, మా తాతల కాలం నుంచి ఉంది. డిగ్రీ సీట్లకి ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్లు ఉంటాయి, వాటి ద్వారానే వెళ్లండి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హత ఉందో లేదో అప్పుడే చూసుకోండి. పని చేసుకుంటూ చదవాలంటే ఇగ్నోలో బీఏ సైకాలజీ ఉంది, ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే. నన్నడిగితే ఇదే బెస్ట్, ఎందుకంటే కుక్కలు పొద్దున ఐదున్నరకీ సాయంత్రం ఆరున్నరకీ పని చేస్తాయి, మధ్యలో మీరు ఖాళీ. మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర పదకొండు గంటలకి తారు రోడ్డు మీద అరచెయ్యి పెట్టి ఐదు సెకన్లు ఉంచి చూడండి, కుక్కని ఆ టైంలో ఎందుకు బయటికి తేకూడదో అర్థమవుతుంది.

ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ల జంతు ప్రవర్తన, సంక్షేమం కోర్సు, డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల కుక్కల భావోద్వేగాలు, తెలివి మీద కోర్సు, రెండూ కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఇంగ్లీష్ కొంచెం కష్టపడితే అర్థమవుతుంది. ఫీజు కట్టలేనివాళ్లు ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏదైనా కోర్సు థియరీకి ఇరవై వేలు అడుగుతుంటే, ముందు ఇవి చూసి తర్వాత మాట్లాడండి.

మూడో అడుగు: బెల్టు గంటల లెక్క

అసలు విషయం ఇది. కోర్సు ఎన్ని నెలలు, ఎన్ని సబ్జెక్టులు అన్నది పక్కన పెట్టి, కుక్క బెల్టు మీ చేతిలో ఎన్ని గంటలు ఉంటుందో అడగండి. మొత్తం ఖర్చుని ఆ గంటలతో భాగించండి.

నేను చేరిన చోట లెక్క చెప్తా. ఫీజు 60,000. వారానికి ఐదు రోజులు, రోజుకి రెండు గంటలు, పన్నెండు వారాలు, మొత్తం 120 గంటలు. బాగానే ఉంది కదా. కానీ బ్యాచ్‌లో పదిమందిమి, కుక్కలు నాలుగు. అంటే నా వంతు బెల్టు చేతిలో ఉన్నది 48 గంటలు. హాస్టల్‌కి నెలకి తొమ్మిది వేల చొప్పున 27,000 కలిపితే 87,000. గంటకి 1,812 రూపాయలు పడింది. ఆ డబ్బుకి ఒక లాబ్రడార్ పిల్లని కొనుక్కుని ఇంట్లో పెట్టుకుని చెడగొట్టుకుని మళ్లీ బాగుచేసుకున్నా ఇంకా ఎక్కువ నేర్చుకునేవాణ్ణి.

తర్వాత ఇక్కడే ఒక పెద్దాయన దగ్గర చేరా. మూడు నెలలకి 15,000 ఇచ్చా. వారానికి ఆరు రోజులు, రోజుకి రెండు గంటలు ఆయన బండి వెనక కూర్చుని ఇళ్లకి తిరగడం. 144 గంటల్లో సగం నా చేతిలో వదిలేవారు. గంటకి 208 రూపాయలు. పైగా సాయంత్రం మా ఇంటికే వచ్చి తినేవాణ్ణి. ఆయన సర్టిఫికెట్ ఏమీ ఇవ్వలేదు, పది మంది కస్టమర్ల ఫోన్ నంబర్లు ఇచ్చారు.

ఏ సంస్థ దగ్గరికెళ్లినా ఈ మూడు అంకెలు కాగితం మీద రాయించుకోండి: బ్యాచ్‌లో ఎంతమంది, కుక్కలు ఎన్ని, రోజుకి ప్రాక్టికల్ ఎన్ని గంటలు. రాసివ్వమంటే నసిగేవాడి దగ్గర చేరొద్దు. దాచిన ఖర్చులు కూడా అడగండి: కిట్, యూనిఫాం, పరీక్ష ఫీజు, సర్టిఫికెట్ ఫీజు. నా దగ్గర సర్టిఫికెట్‌కి విడిగా 2,500 తీసుకున్నారు, చివరి రోజున చెప్పి.

నాలుగో అడుగు: వెళ్లి కళ్లారా చూడండి

ఫోన్లో సరే అని, ఆఫీసులో కౌన్సెలర్ చెప్పిందానికల్లా గంగిరెద్దులా తలూపి డబ్బులు కట్టొద్దు. ఒక పూట పోతే పోయింది, వెళ్లండి, చెప్పకుండా వెళితే ఇంకా మంచిది.

గేటు దగ్గరే మొదలవుతుంది. మీ వెంట కుక్క ఉంటే టీకాల కార్డు అడిగారా? అడక్కపోతే లోపలున్న కుక్కల సంగతీ అంతే. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, టీకా పడని పిల్లల్ని కలగాపులగంగా ఉంచే చోట ఒక్కటి జబ్బు పడితే వరసగా పడతాయి. గిన్నెల్లో నీళ్లున్నాయా, నీడ ఉందా, వాసన ఎలా ఉంది? మధ్యాహ్నం ఎండలో కుక్కలు గ్రౌండ్‌లో ఉంటే ఇక అడగాల్సిన ప్రశ్నలేం లేవు, బస్సెక్కేయండి.

లోపలికి వెళ్లాక వాళ్లు తప్పకుండా ఒక కుక్కని తెస్తారు. జర్మన్ షెపర్డో బెల్జియన్ మాలినోయో, నిగనిగలాడుతూ, సిట్ అంటే సిట్, క్రాల్ అంటే క్రాల్, షేక్‌హ్యాండ్ కూడా ఇస్తుంది. అది వాళ్ల షోరూం కుక్క, వచ్చిన ప్రతివాడికీ అదే చూపిస్తారు. నేను కట్టిన అరవై వేలు దాని షేక్‌హ్యాండ్‌కే. మీరు అడగాల్సింది "ఈ వారం కొత్తగా వచ్చిన కుక్కని చూపించండి, దానికి నేర్పుతుంటే పక్కన నిలబడతా" అని.

ఆ కొత్త కుక్కని చూస్తున్నప్పుడు ట్రైనర్ని కాదు, కుక్కని చూడండి. తోక కాళ్ల మధ్యకి వెళ్లిందా, చెవులు వెనక్కి అతుక్కున్నాయా, తిండి లేకుండానే మూతి నాక్కుంటోందా, నిద్ర రాకుండానే ఆవులిస్తోందా? అవన్నీ టెన్షన్ గుర్తులు. ట్రైనర్ చెయ్యి ఎత్తగానే కుక్క కుంగిపోతే, ఆ చెయ్యి ఇంతకుముందు ఏం చేసిందో మనకి చెప్పక్కర్లేదు. మెడకి బిగుసుకునే చైనుందా, ముళ్లున్న కాలర్ ఉందా అన్నది కూడా గమనించండి.

తర్వాత ఒకే ఒక్క ప్రశ్న: "కుక్క మాట వినకపోతే మీరేం చేస్తారు?" "నాలుగు తగిలిస్తే వింటుంది", "మనమే బాస్ అని చూపించాలి" లాంటి జవాబు వస్తే వాళ్లకి తెలిసింది భయపెట్టడమే. "అది అర్థం కాలేదని అర్థం, మెట్టు తగ్గించి మళ్లీ చెప్తాం" అంటే కూర్చుని ఇంకో పది నిమిషాలు మాట్లాడండి.

ఇంకోటి, కస్టమర్లతో ఎలా మాట్లాడాలో నేర్పుతారా అని అడగండి. ఈ పనిలో సగం మనుషులకి నేర్పడమే, ఇది ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. లబ్బీపేటలో ఒక ఇంట్లో చార్లీ అనే లాబ్రడార్ ఉండేది. నాతో ఉంటే ముత్యంలా వినేది, నేను వెళ్లగానే ఎవరి మాటా వినేది కాదని కంప్లయింట్. ఒకరోజు మాట్లాడకుండా సోఫాలో కూర్చుని చూశా. అమ్మగారు "కూచో" అంటున్నారు. బాబు "సిట్ డౌన్" అంటున్నాడు. నేను "సిట్" అంటే కూర్చోవడం, "డౌన్" అంటే పడుకోవడం అని నేర్పా. పాపం అది సగం కూర్చుని సగం పడుకుని బాబు మొహం చూస్తోంది. ఈలోపు మామ్మగారు డైనింగ్ టేబుల్ కింద నుంచి పెరుగన్నం ముద్ద పెడుతున్నారు, మొరిగినందుకు. చార్లీకి కొత్తగా నేర్పిందేం లేదు, ఫ్రిజ్ మీద ఐదు మాటలు రాసి అంటించా, మామ్మగారికి పడుకున్నప్పుడే ముద్ద పెట్టమని దండం పెట్టా. పది రోజుల్లో సర్దుకుంది.

ఐదో అడుగు: కాగితం విలువ

సర్టిఫికెట్ ఇచ్చేది యూనివర్సిటీ అంటే యూజీసీ (యూనివర్సిటీల గుర్తింపు చూసే కేంద్ర సంస్థ) వెబ్‌సైట్‌లో చూడండి. నకిలీ యూనివర్సిటీల జాబితా అక్కడే ఉంటుంది, అందులో గుంటూరు అడ్రసుతో ఉన్న పేరు కూడా చూశా. దూరవిద్య అయితే యూజీసీ దూరవిద్య విభాగం అనుమతి ఉందో చూడాలి.

దీనికంటే సులువైన పరీక్ష బ్యాంకు. విద్యాలక్ష్మి పోర్టల్‌లోకి వెళ్లి, లేదా మీ ఖాతా ఉన్న బ్రాంచికెళ్లి "ఈ కోర్సుకి చదువు లోన్ ఇస్తారా" అని అడగండి. గుర్తింపు ఉన్న కోర్సుకి నాలుగు లక్షల వరకు మామూలుగా తనఖా లేకుండానే లోన్ ఇస్తారు. మేనేజర్ ఆ కోర్సు పేరు విని మీ మొహం వంక చూశాడంటే మీకు జవాబు వచ్చేసినట్టే. లోన్ తీసుకోమని కాదు, అడగడానికి ఖర్చేం లేదు కదా.

ఇంట్లో కుక్కలు పెంచేవాళ్లెవరూ మీ డిగ్రీ అడగరు, అది నిజమే. కానీ కాస్త పెద్ద ఫీజు తీసుకోవాలన్నా, పెద్ద ఊళ్లకి వెళ్లాలన్నా సీపీడీటీ-కేఏ అనే అంతర్జాతీయ పరీక్ష ఉంది. దానికి కాలేజీ కోర్సు కాదు, గత మూడేళ్లలో కనీసం 300 గంటలు శిక్షణ ఇచ్చిన అనుభవం చూపించాలి. ఇందాక బెల్టు గంటలు లెక్కపెట్టమన్నది ఇందుకే. మొదటి రోజు నుంచే ఒక లాంగ్ నోట్‌బుక్‌లో తేదీ, కుక్క పేరు, ఎన్ని నిమిషాలు, ఏం నేర్పారు, ఓనరు సంతకం రాసుకుంటూ పోండి. నేను మొదటి ఏడాది రాసుకోలేదు, ఆ గంటలన్నీ గాలికి పోయాయి.

విదేశం మాటేమిటంటే

కాలేజీలో జంతు శిక్షణే ప్రధాన చదువుగా చేయాలంటే అమెరికాలో మూర్‌పార్క్ కాలేజీ ఉంది, కాలిఫోర్నియాలో. క్యాంపస్‌లోనే బోధనా జూ ఉంది, విద్యార్థులే జంతువుల్ని చూసుకుంటారు. అది కమ్యూనిటీ కాలేజీ కాబట్టి "యూనిట్‌కి 46 డాలర్లే" అని చదివి మనవాళ్లు ఎగిరి గంతేస్తారు. ఆ రేటు కాలిఫోర్నియాలో స్థిరపడినవాళ్లకి. బయటివాళ్లకి దానిమీద విడిగా, చాలా రెట్లు ఎక్కువ ట్యూషన్ ఉంటుంది, అక్కడి అద్దె, తిండి సరేసరి. తెనాలి దగ్గర అరెకరం అమ్మి ఆ చదువు చదివి వచ్చి ఇక్కడ ఏ జంతువుకి నేర్పుతారు? ఎవరైనా కన్సల్టెన్సీవాళ్లు ఊదరగొడితే బయటివాళ్ల ఫీజు కాగితం చూపించమనండి.

ఆఖరిది: చేతిపని చవగ్గా ఎలా

కోర్సు వెతుక్కునే లోపే పని మొదలుపెట్టొచ్చు. పెట్ క్లినిక్‌లో సాయంత్రాలు సాయం చేస్తానని అడగండి, కంపౌండర్‌తో స్నేహం చేస్తే కుక్కని కరవకుండా పట్టుకోవడం నెలలో వచ్చేస్తుంది. వీధికుక్కల్ని కాపాడే వాలంటీర్లు విజయవాడ, గుంటూరు రెండిట్లోనూ ఉన్నారు, వాళ్ల దగ్గర దత్తతకి సిద్ధం చేయాల్సిన కుక్కలు ఎప్పుడూ ఉంటాయి. బెల్టుతో నడవడం, మనుషుల మీదకి ఎగరకపోవడం నేర్పితే అది తొందరగా ఇల్లు చేరుతుంది, మీకు గంటలు వస్తాయి. పైసా ఖర్చు లేదు, ఉడికించిన చికెన్ లివర్ తప్ప. చిన్న ముక్కలు, శనగగింజంత. పెద్దవి పెడితే పది నిమిషాల్లో కడుపు నిండి మిమ్మల్ని పట్టించుకోదు.

దీనికి ముందు రేబిస్ టీకా వేయించుకోండి, కరిచాక కాదు, ముందే. డాక్టర్ని అడిగితే ముందుజాగ్రత్త డోసులు ఏ రోజుల్లోనో చెప్తారు. ఆ తర్వాత కూడా కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే, "టీకా వేయించుకున్నాగా" అని ఊరుకోకూడదు. కుక్కల కోర్సులు అమ్మేవాళ్లలో ఈ మాట చెప్పినవాణ్ణి ఒక్కణ్ణే చూశా, ఆ పదిహేను వేల పెద్దాయన. మొదటి రోజు నా చేతికి బెల్టు ఇవ్వకుండా "టీకా చీటీ ఏదిరా?" అన్నారు. లేదంటే అక్కణ్ణుంచే ఆసుపత్రికి పంపించారు, బండి తాళం ఇచ్చి.